స్వచ్ఛమైన కరెంటు

“మామయ్యగారూ, ఫ్రిజ్ కూడా ఆపండి. కరెంటు మురికైపోతోంది,” అన్నాడు అల్లుడు, మూసిన కళ్ళు తెరవకుండానే.

పాటలు వినడానికి సొంతంగా ఓ కంప్యూటరు కట్టుకున్నాడు. దానికి కరెంటు అందించే పవర్ సప్లైలు రెండు తెచ్చాడు. ఒకటి సబ్బుపెట్టంత, రెండోది ఏనుగుపిల్లంత. సాయంత్రంలోగా ఒకటి కొట్టువాడికి తిరిగిచ్చెయ్యాలి. ఇరవై రోజులుగా ఒకే పాటని ఆ రెండిటిమీదా మార్చి మార్చి వింటున్నాడు, తేల్చుకోలేక చిక్కి సగమయ్యాడు.

ఇప్పుడు ఏనుగుపిల్ల వంతు. ఫ్రిజ్ ఆపాను, ఫ్యాను ఆపాను, వాషింగ్ మెషీను ఆపాను. ఒక్కొక్కటీ ఎక్కడ ఆపుతాంలే అని చివరికి మెయిన్ స్విచ్చే దించేశాను.

“ఆహా!” అల్లుడు ఊగిపోయాడు. “ఏం తేట! ఏం తేట! గాయని పక్కగదిలోనే ఉన్నట్టు లేదూ? పెద్దదే ఉంచేద్దాం.”

“ఉంచుదువుగానిలే బాబూ, ముందు కళ్ళు తెరువు.”

కంప్యూటరులో ఒక్క దీపం లేదు. పాట మాత్రం వంటింట్లోంచి వస్తోంది. మా అమ్మాయి తడిబట్టలు చేత్తో పిండుకుంటూ, విని విని నోటికొచ్చేసిన ఆ పాటని ఆగినచోట అందుకుంది.

అల్లుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. “నువ్వు పాడతావా?”

“పెళ్ళైన కొత్తలో పాడాను. రేడియో కట్టెయ్యమని కేకేశారు.”

అల్లుడు బకెట్టు పక్కకి జరిపి నేలమీదే చతికిలబడ్డాడు. “ఆపకు,” అన్నాడు మెల్లిగా.

నేను ఊరుకోలేక అడిగాను. “బాబూ, కొట్టు కట్టేసే వేళైంది. ఇంతకీ ఏది తిరిగిచ్చెయ్యమంటావు?”

“కాసేపు ఊరుకోండి మామయ్యగారూ, పాట వినాలి.”