దిరిసెన బెరడు, మూడు ప్రశ్నలు

“దిరిసెన బెరడు నిద్రమాత్రలతో పాటు తాగొచ్చా తల్లీ?”

కొట్టు దద్దరిల్లేలా అడిగాడు పెద్దాయన. వరుసలో ఉన్న ఎనిమిది మందీ తలలు తిప్పి చూశారు.

మూలికల కొట్టు యజమానురాలు త్రాసు మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

“తాగకూడదు. మత్తు మీద మత్తు. మనిషి లేవలేడు.”

“కడుపుతో ఉన్నవాళ్లో?”

“అసలు ముట్టుకోకూడదు.”

“మరి కాయలు, గింజలు?”

“అవి విషం. బెరడొక్కటే మందు. అదీ వైద్యుణ్ణి అడిగాకే.”

“చాలా సంతోషం. రేపొచ్చి తీసుకుంటాను.”

మర్నాడు వచ్చాడు. తీసుకోలేదు. మళ్లీ అవే మూడు ప్రశ్నలు, అంతే పెద్ద గొంతుతో.

పట్టుకుచ్చుల్లాంటి గులాబీరంగు పూలు పూసే రకం దిరిసెన అది. దిగులుతో నిద్ర పట్టనివాళ్లు దాని బెరడు కాచుకుని తాగితే మనసు కుదుటపడుతుందని పాతకాలపు వైద్యులు చెప్పేవారు. ఆ కొట్లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది ఆ బెరడు పొట్లమే. కొనేవాళ్లు పెద్దగా మాట్లాడరు. తలొంచుకుని వస్తారు, పొట్లం తీసుకుని వెళ్లిపోతారు.

యజమానురాలికి సాయంగా పొట్లాలు కట్టే ఆడపడుచు పెద్దాయనకు ‘డౌట్ల తాతగారు’ అని పేరు పెట్టింది.

“వదినా, నీ శిష్యుడొస్తున్నాడు. పాఠం సిద్ధం చేసుకో.”

“ఊరుకోవే. ఖాళీ వేళ రమ్మని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! సరిగ్గా జనం కిటకిటలాడే వేళకే దిగుతాడు.”

ఆయన రానే వచ్చాడు. రెండో ప్రశ్న దగ్గర ఆడపడుచు ఉండబట్టలేకపోయింది.

“మీ ఇంట్లో కడుపుతో ఉన్నది ఎవరు తాతగారూ, మీరేనా?”

వరుసంతా గొల్లుమంది. పెద్దాయన అందరి మొహాలూ చూసి, తనూ నవ్వాడు.

“సంతోషం తల్లీ. మరి కాయలు, గింజలు?”

ఆ నవ్వుల మధ్యే, వరుసలో మూడో స్థానంలో ఉన్న చిన్నవయసు ఆవిడ పొట్టమీద చెయ్యి వేసుకుని మెల్లగా పక్కకు తప్పుకుంది. ఏమీ కొనకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

“చూశావా? బేరం పోగొట్టాడు,” అంది యజమానురాలు పళ్లు కొరుకుతూ.

ఆ సాయంత్రమే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి కట్టింది.

‘కొనేవారు మాత్రమే వరుసలో నిలబడాలి. ప్రశ్నలు అడగరాదు.’

మర్నాడు పెద్దాయన వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, కళ్లద్దాలు సవరించుకుని, దాన్ని రెండుసార్లు చదివాడు. యజమానురాలి వైపు చూసి చేతులు జోడించాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆమె మనసు కాస్త చివుక్కుమంది. కానీ వరుస చకచకా కదులుతోంది. ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

నెల తిరక్కుండా ఒకావిడ కొట్లోకొచ్చి, సగం వాడిన పొట్లం బల్ల మీద పెట్టింది.

“మా అమ్మకని తీసుకెళ్లాను. రాత్రి వేసుకునే నిద్రమాత్రతో పాటు ఇదీ తాగింది. మర్నాడు మధ్యాహ్నమైనా లేవలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం.”

యజమానురాలి చేతిలోని గరిటె ఆగిపోయింది.

“ఇప్పుడెలా ఉన్నారు?”

“లేచి తిరుగుతోంది. గండం గడిచింది.”

“ఒక్క మాట నన్ను అడగకపోయారా అమ్మా?”

“అడుగుదామనే అనుకున్నాను,” అందావిడ. గొంతులో కోపం లేదు. “బోర్డు చూసి ఊరుకున్నాను.”

ఆవిడ వెళ్లాక యజమానురాలు స్టూలెక్కి అట్టముక్క ఊడదీసింది.

“ఆ పెద్దాయన ఇల్లెక్కడో తెలుసా నీకు?” అని ఆడపడుచునడిగింది.

“వెనకవీధిలో, టైలరు కొట్టు మీద. ఏం వదినా?”

“మళ్లీ రమ్మని చెప్పాలి.”

ఆమె వెళ్లి తట్టగానే తలుపు తీసింది ఆయన కోడలు. ఎవరో తెలిశాక లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

“మామయ్యగారు పోయి ఇరవై రోజులైందండీ. నిద్రలోనే వెళ్లిపోయారు. ఏ బాధా పడలేదు.”

యజమానురాలు ముందుకు వంగింది.

“బోర్డు పెట్టానని కోపం తెచ్చుకున్నారా?”

“కోపమా? ఆ మర్నాటి నుంచే బస్టాండు దగ్గరి మూలికల కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడా జనం ఉన్న వేళే, అవే ప్రశ్నలు.”

“ఎందుకలా?”

కోడలు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందు పెట్టింది.

“మా అత్తయ్య తన చెల్లెలు పోయిన దిగులుతో నిద్ర పట్టక ఆ బెరడు తెచ్చుకున్నారు. నిద్రమాత్రలు వేసుకుంటున్నానని ఆవిడ చెప్పలేదు. అమ్మినవాళ్లు అడగలేదు. ఆ మత్తులోనే మెట్ల మీంచి పడి చనిపోయారు. నాలుగేళ్లయింది.”

“మా కొట్లో కొన్నారా?”

“ఏ కొట్టో మామయ్యగారు మాకెప్పుడూ చెప్పలేదండీ.”

యజమానురాలు గ్లాసు పక్కకు జరిపింది.

“నా జవాబులకి ఎంత శ్రద్ధగా తలూపేవారో! మర్నాటికి మళ్లీ మొదటికే వచ్చేవారు. మతిమరుపు అనుకున్నాను.”

“ఆయనకు మతిమరుపు లేదండీ,” అంది కోడలు నెమ్మదిగా. “పదేళ్లుగా రెండు చెవులూ బొత్తిగా వినపడవు.”