కొండరైలు మొదటి బెంచీ

"ఎడం పక్క గట్టు తడిసిపోయింది. మట్టి జారింది గానీ పట్టాల మీదికి రాలేదు. ఆ తర్వాత రెండు మేకలు... ఆఁ, పోయాయి. వింటున్నారా?"

"ఊఁ" అన్నాడు భర్త.

టీచరు కళ్ళు తెరిచింది. గంటసేపటి నుంచి పక్కనున్నావిడది ఇదే వరస. చెవిలో జోరీగ దూరినా ఇంతకంటే నయం.

ఏడాదంతా యాభైమంది పిల్లల గోల విని తల దిమ్మెక్కిపోయిందామెకి. నాలుగు రోజులు ఎవరి గొంతూ వినపడని చోట ఉందామని ఒక్కతే బయల్దేరింది. పాతకాలపు బొగ్గురైలు, నత్తనడక, పక్కన లోయ. ఏరికోరి మొదటి పెట్టెలో మొదటి బెంచీకి టికెట్టు తీసుకుంది. ఈ కొండ మీద ఇంజన్ వెనక నుంచి పెట్టెల్ని నెట్టుకుంటూ ఎక్కుతుంది కాబట్టి పొగా మోతా వెనకే ఉండిపోతాయట. ముందంతా ప్రశాంతం అన్నారు. ఈవిడ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఈవిడకి యాభై దాటి ఉంటాయి. కళ్ళ కింద నల్లటి గుంటలు. తెరిచి ఉన్న తలుపు పక్కన కూర్చుని, మెడ సాచి ముందుకి చూస్తూ మాట్లాడుతోంది. భర్త తలుపు అవతల, పెట్టె ముందున్న చిన్న వసారాలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు, చెవులకి మఫ్లరు. ఒక చెయ్యి పెట్టె పక్కకి చాచే ఉంచాడు. బెంచీ మీంచి ఆ చెయ్యి మోచేతి దాకానే కనిపిస్తోంది. గాలిని పట్టుకోబోతున్నాడు కాబోలు, చిన్నపిల్లాడిలా.

"కాస్త ఊరుకుంటారా అమ్మా? ఆయన చూసుకుంటున్నారుగా!" అంది టీచరు, ఇక పట్టలేక.

ఆవిడ గొంతు తగ్గించింది.

"ఆయనకి కనిపించదు తల్లీ. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదురుగా నువ్వు నిలబడినా నీడలా తెలుస్తుందంతే. శుక్రవారం ఆపరేషను."

టీచరుకి సిగ్గేసింది. "అయ్యో! మరి ఆపరేషను అయ్యాకే రావచ్చు కదండీ?"

"రాక తప్పదమ్మా."

"అంత పిచ్చా రైలంటే?"

"ముప్ఫై ఏళ్ళ పిచ్చి." ఆవిడ నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక లేని నవ్వు. "ఇంకొక్క మూడు రోజులు. అంతవరకూ నా నోరు ఆగకూడదు. రెండు నెలల నుంచి ఇదే పని. రాత్రిళ్ళు నిద్రలో కూడా రాళ్ళూ రప్పలూ అని పలవరిస్తున్నానట. ఎవరితోనూ అనకు తల్లీ, ఆయన పరువు పోతుంది."

"ఏమైందే? చెప్పవేం?" బయటి నుంచి భర్త గొంతు. అందులో భయం ఉంది.

"ఆఁ, ఆఁ... వంపు. కుడి వైపు. ఖాళీ."

టీచరు లోయ వైపు చూసింది. ఒకదాని వెనక ఒకటి నీలంగా కొండలు, వాటి మీద జారుతున్న ఎండ. అదంతా వదిలేసి ఈవిడ మట్టీ మేకలూ వంపులూ చెబుతోంది. పాపం, మంచి మనిషే. చెప్పడం చేతకాదంతే.

నీళ్ళ కోసం ఇంజన్ ఆగింది. వెనక గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ తల తలుపుకి కొట్టుకుంది. ఉలిక్కిపడి లేచింది. మళ్ళీ తూలింది.

"కాసేపు కళ్ళు మూసుకోండమ్మా. కదిలే ముందు నేను లేపుతాగా" అంది టీచరు.

"కదిలే ముందే లేపాలి. మర్చిపోకు తల్లీ. కదిలే ముందే."

"ఒట్టు."

మాట పూర్తయ్యేలోగా ఆవిడ నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఎన్ని రాత్రుల నిద్రో అది.

ఈలోగా రైలుకి ముందు వైపున కొండ మీంచి మంచు దిగింది. చూస్తుండగానే లోయ పోయింది, గట్టు పోయింది, పట్టాలు పోయాయి. పైన ఎక్కడో రాళ్ళు దొర్లిన చప్పుడైంది. మేకలు కాబోలు అనుకుంది టీచరు.

ఇంజన్ కూసింది.

"ఏమే, చెప్పు" అన్నాడు ఆయన.

ఇచ్చిన మాట గుర్తుంది టీచరుకి. ఆవిడ భుజం మీద చెయ్యి కూడా వేసింది. ఆ అలిసిన మొహం చూశాక లేపబుద్ధి కాలేదు.

"ఆవిడ నిద్రపోయారు బాబాయిగారూ."

"లేపమ్మా. తొందరగా లేపు."

"పాపం, ఒక్క పది నిమిషాలు పడుకోనివ్వండి. నాకూ కళ్ళున్నాయిగా, నేను చెప్తాను."

ఆయన తటపటాయించాడు. ఇంజన్ మళ్ళీ కూసింది.

"సరే, సరిగ్గా చూసి చెప్పమ్మా. ముందు వంతెన ఉంటుంది. ఆ చివరి దాకా కనిపిస్తోందా?"

కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరుకోవచ్చు. కానీ ఆమె టీచరాయె. చూపు లేని మనిషి ఇంత ఆశగా అడుగుతుంటే, ముందు తెల్లటి మంచు తప్ప ఏమీ లేదని ఎలా చెప్పడం? ఉసూరుమంటాడు. టికెట్టు మీద ఆ వంతెన బొమ్మ ఉంది. అది చూసుకుంటూ మొదలుపెట్టింది.

"చక్కటి ఎండ బాబాయిగారూ. ఆకాశంలో మబ్బుతునక లేదు. వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దంలా కనిపిస్తోంది. పట్టాలు వెండితీగల్లా మెరుస్తున్నాయి."

"పట్టాల మీద ఏమీ లేదు కదా?"

"ఏమీ లేదు. ఎంత అందంగా ఉందో!"

"హమ్మయ్య" అంటూ ఆయన, బయటికి చాచిన చేతిలోని ఎర్రజెండా దించేసి, ఆ జెండా తప్ప దారి కనిపించని వెనక ఇంజన్ డ్రైవరుకి పచ్చజెండా ఊపాడు.