గేటు కాడి ఉద్యోగం

"చేస్తాండే పని ఎందుకు వదిలేస్తాండావమ్మా?" సోమందేపల్లె దగ్గరి కంకర క్రషర్ ఓనరు ఎర్రన్న మెత్తగా అడిగాడు.

వేరే క్వారీ ఆఫీసులో పనిచేస్తున్న రూతు, ఈ ఇంటర్వ్యూలో ఒక్క అబద్ధమూ ఆడకూడదని అనుకునే వచ్చింది.

"మా క్వారీలో రాళ్లు పేల్చేటప్పుడు తిప్పేస్వామి అనే కూలాయన చచ్చిపోయినాడు సార్. శవాన్ని ఆ గుంతలోనే పూడ్చేసినారు. ఆయన పెండ్లాము నల్లమ్మ దినామూ ఆఫీసుకొచ్చి మొగుడు యాడని అడుగుతాంది. బెంగళూరు పోయినాడని నాతో చెప్పిస్తాండారు. ఇంక నా వల్ల కాదు."

ఎర్రన్న ఉలిక్కిపడలేదు.

"నువ్వు చెప్తే ఆమె నమ్మిందా?"

"నమ్మింది సార్. వస్తాడని కొత్త చొక్కా కూడా కుట్టించి పెట్టింది."

"అయితే ఈ పని నీదే. ఈపొద్దే చేరు."

ఆయన కిటికీలోంచి చూపించాడు. గేటు అవతల ఎండలో రూతు ఎరగని ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

"వారం నుంచి ఆడనే ఉండాది. మొగుడు బెంగళూరు పోయినాడని మావాళ్లు ఎంత చెప్పినా నమ్మలేదు. నువ్వు పోయి చెప్పు."

రూతు లేచి గేటు దాకా నడిచింది. ఆ మనిషి ఊచలు పట్టుకుని ఆశగా ముందుకు వంగింది.

"మా ఆయప్ప ఫోను చేసినాడా అమ్మా?"

"లేదక్కా. ఇంక చెయ్యడు," అంది రూతు. "పోలీస్ స్టేషన్‌కు పోదాం పా. నేనూ వస్తా."

ఆమె గొల్లుమంది. రూతు బయటికి అడుగు వేయబోయింది. అప్పటికే వాచ్‌మన్ కిటికీలోంచి ఎర్రన్న చేసిన సైగకు తలూపి, గేటుకు లోపలి నుంచి తాళం వేస్తున్నాడు.