కిటికీ కింది చిల్లులు

"బాబూ, ఆ చిల్లులు మూయకు."

సరుకులు మోసిన పాత పడవను ఇల్లుగా మారుస్తున్న మనిషి, చిల్లులు పూడ్చే సిలికాన్ జిగురు ట్యూబుతో సహా వెనక్కి తిరిగాడు. రేవుగట్టు మీద మళ్లీ ఆ ముసలాయనే.

"పడవలో చిల్లు కనిపిస్తే మూయాలా, ముద్దు పెట్టుకోవాలా పెద్దాయనా?"

లోపల భార్య కిసుక్కున నవ్వింది.

"అది కిటికీ చిల్లు బాబూ. గాడిలో పడ్డ వాన నీళ్లు బయటికి పోవడానికి."

"మీరు కిటికీలు చేస్తారా?"

"లేదు. వానలు చూశాను."

పాత బస్సుల నుంచి ఊడదీసిన స్లైడింగ్ కిటికీలవి. చవగ్గా దొరికాయి. ఎనిమిదింటినీ పడవ కొన్నాయన తనే బిగించాడు. ఆయనకు చవకంటే ఎంత ప్రీతో, సలహా అంటే అంత మంట.

భార్యది ఒకటే షరతు.

"అద్దిల్లు ఖాళీ చేసి వస్తున్నానండీ. పరుపు మీద చుక్క పడిందా, నేను మా అమ్మ దగ్గరికి, మీరు మీ పడవలోకి."

ఆయన ఆఖరి చిల్లు కూడా మూసి, గొప్పగా అన్నాడు.

"దీన్ని అమ్మినవాడు ఒట్టి పిచ్చోడట. తుక్కువాళ్లు ఎక్కువిస్తామన్నా ఇవ్వలేదట. కాపురం పెట్టేవాళ్లకే ఇస్తానని భీష్మించాడట. బ్రోకర్ చెప్పాడు."

"పిచ్చోడే," ఒప్పుకున్నాడు ముసలాయన. "ఒక్కసారి లోపలికొచ్చి చూడనా?"

"రంగు ఆరలేదు. తర్వాత రండి."

రంగు వేసి నాలుగు రోజులైంది.

ఆదివారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. గాడులు నిండాయి. బయటికి దారి లేక, నీళ్లు తిన్నగా పరుపు మీదికి దిగాయి.

భార్య పెట్టె తెరిచింది.

ఇక పుట్టింటికే అనుకున్నాడు ఆయన.

పెట్టెలోంచి ఆమె తీసింది తలపిన్ను. కిటికీ జరిపి, చెయ్యి బయటపెట్టి, ఒక చిల్లులో పొడిచింది. నీళ్లు బుడబుడమంటూ బయటికి పోయాయి.

"మిగతావి నేను పొడుస్తాను. మీరెళ్లి ఆ పెద్దాయన్ని కాఫీకి పిలుచుకురండి."

"ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్నదే పెట్టుకుని."

ఆయన తడుస్తూనే రేవు గేటుకి పరిగెత్తి, ముసలాయన ఉన్నాడా అని అడిగాడు. కాపలాదారు తల అడ్డంగా ఊపాడు.

"పొద్దున బస్సుకే వెళ్లిపోయాడండీ, ఇక రాడు. కిటికీలు బిగించేదాకా చూసి వెళ్తానని రెండుసార్లు ప్రయాణం మానుకున్నాడు."

"అసలు ఎవరాయన? నా కిటికీలతో ఆయనకేం పని?"

కాపలాదారు ఆయన్ని వింతగా చూశాడు.

"అదేంటండీ, ముప్పై ఏళ్లు ఆ పడవ నడిపి, తుక్కువాళ్లకి పోనివ్వకుండా మీ చేతుల్లో పెట్టింది ఆయనేగా!"