గురిపెట్టిన ప్రార్థన

"ప్రభువా, నీతి కోసం ఆకలిదప్పులతో అలమటిస్తున్నాను. గట్టు జరిపి నా పొలంలో రెండు మూరలు కలుపుకున్న దానియేలు బావకు నీతి నేర్పు. నేర్చుకోకపోతే అతని చేలో చుక్క నీరు నిలవనీయకు!"

దివిసీమలో ఆ ఆదివారం ప్రార్థన కూటం దానియేలు ఇంట్లోనే. పున్నయ్య కళ్లు మూసుకున్నాడు గానీ గురి తప్పలేదు. బందరు కోర్టులో ప్లీడరు కావాలి, ఈ కోర్టులో గొంతుంటే చాలు.

అందరూ ఆమేన్ అన్నారు. పళ్లు కొరుకుతూ దానియేలూ అన్నాడు. పున్నయ్యకు కడుపు నిండింది.

తర్వాతి వంతు పున్నయ్య భార్య రూతుది.

"తండ్రీ, మా ఆయన ప్రార్థన నువ్వు వినకముందే నెరవేరింది. పొద్దున తనే దానియేలన్నయ్య చేను గట్టుకి గండి కొట్టొచ్చాడు. పంచెకంటిన బురద నేనే ఉతికాను. మా ఇంటికీ కాస్త నీతి పంపు."

పున్నయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా దానియేలు కళ్లు ఎప్పుడో తెరుచుకుని ఉన్నాయి.

"ఆమేన్," అన్నాడు పున్నయ్య సన్నగా. లేచి, మూలనున్న పార అందుకున్నాడు.

"కూర్చో బావా," అన్నాడు దానియేలు. "నా వంతు ఇంకా ఉంది."

"నడుస్తూ చెయ్యి బావా. నామీద ఏం కోరినా ఆమేన్ అంటాను. అవతల నీ చేలో నీళ్లు పోతున్నాయి."