ఆది

"చేతులు దించు తల్లీ. దించి, అలా కాస్త వెనక్కి జరుగు," అంది టైలరమ్మ, మెడలో వేలాడుతున్న టేపును గుప్పిట్లో బిగించి.

అద్దం ముందు రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడ్డ అమ్మాయి తెల్లబోయింది. కడుపు బాగా ముందుకొచ్చి ఉంది. "ఏమైందక్కా? కొలతలు తీసుకోరా?"

"నేను కొలతలు తీసుకోను. ఆది తీసుకుంటాను. నీకు సరిపోయే గౌను ఒకటి తెచ్చి ఇలా పడెయ్. దాన్ని చూసి కుట్టేస్తాను."

"సరిపోయేదే ఉంటే మీ దాకా ఎందుకొస్తాను?" అమ్మాయి నవ్వేసింది. "పాదు మీద గుమ్మడికాయ అక్కా ఇది. పూటకో సైజు. దీనికి ఆది ఎక్కడ తెచ్చేది?"

టైలరమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ వీధిలో ఆమె కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. ఆమె చేతులు చూస్తే మాత్రం ఎవరైనా ఆది బట్టే తెచ్చేవాళ్లు. వేళ్ల మీద, మణికట్ల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీంచి పొట్టులా రాలే తెల్లటి పొలుసులు. "మీకెందుకు శ్రమ, ఆది ఉందిగా" అనేవాళ్లు మర్యాదగా. ఆమె టేపు ఏళ్ల తరబడి చుట్టుకున్న నడుం ఒక్కటే. అది మూలనున్న చెక్క బొమ్మది.

అమ్మాయి ఆ చేతుల వంక చూసింది. తర్వాత అద్దం పక్కనున్న బోర్డు చూసింది. 'ఇది సొరియాసిస్. తాకితే అంటుకోదు.'

"ఓస్, ఇందుకా! బోర్డు పెట్టుకుని మరీ మీరే భయపడితే ఎలాగక్కా? నాకు చదవడం వచ్చులెండి. రండి, కొలవండి." మళ్లీ చేతులు చాపింది.

బోర్డు పెట్టినప్పటి నుంచి దాన్ని నమ్మిన మొదటి మనిషి. టైలరమ్మ వేసుకున్నది పొడుగు చేతుల చొక్కా. లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? చిటికెలో అయిపోయే పని. టేపు మెడలోంచి తీసింది. ఒక అడుగు వేసింది. అక్కడే ఆగింది.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా?"

"లేదు. ఇంట్లో అందరికీ పోసినా నా జోలికి మాత్రం రాలేదట. ఏం?"

టేపు మళ్లీ మెడలోకి వెళ్లింది. టైలరమ్మ చొక్కా ఎడమ చెయ్యి పైకి లాగింది. మోచేతి నుంచి కిందికి నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా దిగి ఉన్నాయి.

"సర్పి వేసింది తల్లీ. మొదట మంట పుడితే పాత రోగమేలే అనుకున్నాను. కాదన్నాడు డాక్టరు. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ ఒంట్లోనే ఎక్కడో పడుకుని ఉంటుందట. ఇప్పుడు నిద్ర లేచింది. నాలాంటి చర్మం ఉన్నవాళ్లకీ, దానికి మందులు మింగేవాళ్లకీ అది లేచే ప్రమాదం ఎక్కువట. ఈ నీరు తగిలితే, ఆటలమ్మ పోయనివాళ్లకి పోస్తుంది. నువ్వేమో కడుపుతో ఉన్నదానివి."

"మరి అంటుకోదని బోర్డు..."

"బోర్డు పాతదాని గురించి. ఇది కొత్తది. ఇది అంటుకుంటుంది."

ఇన్నేళ్లూ జనం కళ్లలో చదివిన మాటను తన నోటితో అనడం అదే మొదటిసారి.

అమ్మాయి చెయ్యి పొట్ట మీదికి పోయింది. వెనక్కి వెనక్కి నడిచి గడప దాటి, అప్పుడు ఊపిరి తీసుకుంది. "చెప్పి పుణ్యం కట్టుకున్నారక్కా. తగ్గాకే వస్తాను. మీ చేత్తోనే కొలవాలి మరి!"

"పక్కులు రాలాక రా. నీ గుమ్మడికాయ ఎంత పెరిగినా నా టేపు చాలుతుందిలే."

పొక్కులు మాడాయి, పక్కు కట్టాయి, రాలిపోయాయి. ఇక ఎవరికీ భయం లేదన్నాడు డాక్టరు. టైలరమ్మ గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంది. పాత టేపు మీద అంకెలు చెరిగిపోయాయని కొత్తది కొంది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో చెక్క బొమ్మ పొట్టకు పాత గుడ్డలు చుట్టి, కొలిచి చూసుకుంది. చేతులు పని మరిచిపోలేదు. "ఊపిరి బిగబట్టకమ్మా, మామూలుగా నిలబడు," అని దానితో పైకే అనేసి, తనే సిగ్గుపడింది.

అమ్మాయి మాట తప్పలేదు. వచ్చింది. టైలరమ్మ కుర్చీలోంచి లేస్తూనే టేపు విప్పింది.

"తగ్గిందా అక్కా?"

"పూర్తిగా! ఇదిగో చూడు, మచ్చ తప్ప ఏమీ లేదు. ఇక అంటుకోదు. రా, లోపలికి రా."

"పోనీలెండి, అదే చాలు," అంది అమ్మాయి గడప అవతలి నుంచే. చేతులు చాపలేదు. సంచిలోంచి వదులు గౌను ఒకటి తీసి, వంగి, బల్ల చివర పెట్టి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా తోడికోడలిదక్కా. మీకెందుకు శ్రమ అని... ఆది తెచ్చాను."