తొలిచూపు తీర్పు

“ఈ తలుపుకి కాస్త నూనె వేసే దిక్కే లేదా?” అన్నాడు విమర్శకుడు. “లోకంలో దయ్యాల కొంపలన్నిటికీ ఒక్కడే వడ్రంగి దొరికాడు కాబోలు. ఎక్కడ తోసినా అదే కిర్రుకిర్రు.”

వెనక సోఫా అంచున కూర్చున్న అమ్మాయికి జవాబు చెప్పాలనుంది. ఆ తలుపున్న వీడియో గేమ్ తయారు చేసింది ఆమే. కానీ ఆయన కార్యక్రమానికి కొన్ని నియమాలున్నాయి. దాని పేరు ‘తొలిచూపు’. కొత్త ఆట ఏదొచ్చినా ఆయన భార్య ఆడుతుంది, ఆయన పక్కన కూర్చుని ఉతికి ఆరేస్తాడు. తుపాకీ పట్టుకున్నవాడికి గురి తప్ప ఆట కనిపించదట. ఆట చేసినవాళ్ళు నోరెత్తకుండా వెనకాలే కూర్చోవాలి. వాళ్ళ మొహాలు చూస్తే మొహమాటం పుట్టుకొస్తుందట. అందుకని ఆ అమ్మాయికి పెద్ద తెరా, స్టూలు మీద ఆయన భార్యా బాగానే కనిపిస్తున్నారు గానీ, ఆయనగారి వైపు మాత్రం ఎత్తయిన కుర్చీ వీపూ, దాని పక్కనుంచి గాల్లో ఆడే చూపుడువేలూ తప్ప మరేమీ లేవు.

ఆ వేలికి హడలిపోనివాళ్ళు ఆటల వ్యాపారంలో లేరు. అభిమానులు ముద్దుగా ఆయన్ని పెదవివిరుపు గారంటారు. మొహం ఎవరికీ చూపించడు, గొంతు మాత్రం వినిపిస్తాడు. ఆ గొంతు మెచ్చుకుంటే ఆట బతికినట్టు, ఆవలిస్తే ఇక అంతే సంగతులు. ఏ దయ్యాల ఆటా తనని ఇంతవరకు ఉలిక్కిపడేలా చెయ్యలేదని ఆయన ప్రతివారం చెప్పుకుంటాడు. చెప్పుకోవడం ఆయనకి మహా ఇష్టం.

తెర మీద మూతపడ్డ ఆసుపత్రి. ఆడే మనిషే దానికి కాపలాదారు. చేతిలో తుపాకీ, ఎదురుగా చచ్చినా వార్డు ఖాళీ చెయ్యని రోగులు.

“ఎడమ పక్కకి తిరుగుతున్నా,” అంది భార్య మెల్లిగా. “మెట్లెక్కుతున్నా.”

ఆడేటప్పుడు తమలో తాము మాట్లాడుకోవడం చాలామందికి అలవాటే. అమ్మాయి పట్టించుకోలేదు.

తుపాకీ పేలింది.

“ఇది తుపాకీయా, స్టేప్లరా?” వేలు గాల్లో ఆడింది. “ఇదిగో వచ్చింది దయ్యం. ఏడుస్తోందా, జలుబు చేసిందా? దయ్యాల కాళ్ళు నేలకి ఆనవంటారే, మరి ఈ టపటపలేమిటి? అమ్మా, ఎవరైనా ముందు ఆ కుళాయి కట్టెయ్యండి.”

అమ్మాయి పళ్ళ బిగువున భరించింది. ఆ చప్పుళ్ళన్నీ అన్నయ్య పెట్టినవి. ఉన్న ఉద్యోగాలు వదులుకుని అన్నాచెల్లెళ్ళిద్దరూ చేసిన ఆట ఇది. ఆమె ప్రాణమంతా పై అంతస్తులో రాబోయే వరండా మీదే ఉంది. పొడుగాటి వరండా, రెండు వైపులా ఖాళీ మంచాలు. ఒకసారి పక్కకి తిరిగి మళ్ళీ చూస్తే ఒక మంచం మీద ఎవరో కూర్చుని ఉంటారు. ఇంకోసారి తిరిగితే ఇంకొకరు. తుపాకీ పేలదు, అడుగుల చప్పుడైనా వినిపించదు. చిట్టచివరి మంచం మీద ఆ కాపలాదారే కూర్చుని ఉంటాడు. చప్పుడు లేనిదే జనానికి భయమెక్కదని అన్నయ్య వాదన. చప్పుడు పెడితే పాడైపోతుందని చెల్లెలి పట్టు. చివరికి పెదవివిరుపు గారికే వదిలేద్దామనుకున్నారు. ఆయన బాగుందంటే వరండా ఉంటుంది, లేదంటే దాన్ని తీసేసి మామూలు అరుపులు పెట్టి సాయంత్రం ఆట విడుదల చేస్తారు.

“బొమ్మలెలా ఉన్నాయండీ?” నియమం మరిచిపోయి అడిగేసింది.

“అంతా చీకటి.”

అప్పుడు తెర మీద ట్యూబులైట్లన్నీ వెలుగుతున్న ఆపరేషన్ గది ఉంది. పెద్దవాళ్ళ మాటల్లో ఏదో లోతు ఉంటుందిలే అని అమ్మాయి సర్దుకుంది.

“వరండాలోకి వచ్చాం,” అంది భార్య.

చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. మొదటి మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. భార్య గబగబా మీట నొక్కింది. తుపాకీ పేలలేదు. పక్క మంచం మీద ఒకావిడ. ఆ పక్కన ఇంకొకరు. భార్య నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. మెడంతా చెమటలు పట్టాయి. అది చూసి అమ్మాయికి ఒళ్ళంతా సంతోషం పాకింది.

విమర్శకుడు ఆవలించాడు.

“ఏమిటిది, ఆట చేసినవాళ్ళు మధ్యలో నిద్రపోయారా? ఏమీ జరగదేం?”

“జరుగుతోందండీ,” అంది అమ్మాయి. “ఆ మంచాల మీద...”

“నేను చూడని మంచాలా? వాటి మీద ఎవరు కూర్చుంటే నాకేం? నా ఒంటి మీద ఒక్క వెంట్రుక లేచి నిలబడితే ఒట్టు.”

“ఏమండీ, నాకైతే...” అంది భార్య.

“నీకు బొద్దింకన్నా భయమే, నువ్వూరుకో.” కుర్చీ తిప్పకుండానే వేలు పైకెత్తి తీర్పు చెప్పాడు. “చూడమ్మాయ్, ఇది ఉత్త ఖాళీ వరండా. తీసి అవతల పారెయ్. ఇక్కడో పెద్ద కేక పెట్టించు, కనీసం జనం మేలుకుంటారు. భయమంటే తెలియనివాళ్ళు భయపెట్టడానికి బయల్దేరితే ఇలాగే ఏడుస్తుంది.”

ఇన్ని ఆటలు చూసిన మనిషికి చీమ కుట్టినట్టయినా లేకపోతే తప్పు తనదే అయి ఉండాలి అనుకుంది అమ్మాయి. కిటికీ దగ్గరికి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసింది.

“ఏమన్నాడే?”

“అందులో ఏమీ లేదన్నాడు. తీసెయ్ అన్నయ్యా.”

“పోనీ ఉంచేద్దాంలే. నీకంత ఇష్టం కదా.”

“వద్దు. అంతసేపు చూసి ఆవలించాడు. ఇంకెవరు భయపడతారు?”

అవతల కీబోర్డు టకటకలాడింది. “సరే, తీసేశాను,” అన్నాడు అన్నయ్య. “అరుపులు పెట్టి పంపేస్తున్నా.”

భార్య తెర ఆర్పేసి మంచినీళ్ళ కోసం లేచింది. కుర్చీలోంచి విమర్శకుడు గొంతు బాగా తగ్గించి ఆవిణ్ణి అడిగాడు.

“ఆపేశావా, కళ్ళు తెరవచ్చా?”